అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ మూడో ఏడు. అమెరికాలో పీహెచ్‌డీ చేసి అక్కడే ప్రొఫెసరు అవుతానంటోంది. ఆ ఖర్చు మేం మొయ్యగలమా? ముందుగా ఏం చెయ్యాలి?
– ఒక తండ్రి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: అయ్యా, అక్కడ ఫిజిక్స్ పీహెచ్‌డీ సొంత డబ్బు పెట్టి చదివేది కాదు. సీటుతోపాటే ఫీజు మాఫీ చేసి నెలనెలా భృతి ఇస్తారు. బదులుగా వారానికి 20 గంటల వరకు ల్యాబు క్లాసులు చూడాలి, పేపర్లు దిద్దాలి. భృతి లేకుండా సీటిస్తామంటే వద్దనండి, దానికోసం పొలం తాకట్టు పెట్టకండి. అప్లికేషన్ ఫీజులు, టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష), సెవిస్ (అమెరికా ప్రభుత్వ విద్యార్థి నమోదు) రుసుము 350 డాలర్లు, వీసా, టికెట్టు మాత్రం మీరే పెట్టుకోవాలి. మొదటి భృతి చేతికొచ్చేదాకా ఇంటి అడ్వాన్సుకూ తిండికీ సరిపడా డబ్బు కూడా దగ్గరుండాలి.

మూడేళ్ల డిగ్రీని చాలా విశ్వవిద్యాలయాలు చాలదంటాయి. అందుకని ఫిబ్రవరిలో జరిగే జామ్ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేరడం మంచి దారి. ఈలోపు సైన్సు అకాడమీలు ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి దరఖాస్తు చెయ్యమనండి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తే, ఆయన రాసే సిఫారసు ఉత్తరానికి విలువుంటుంది. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఉత్తరాల దగ్గరే. మూడు కావాలి. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, నడవడి మంచిది’ అని విభాగాధిపతి రాసిచ్చిన ఉత్తరం ఎంపిక కమిటీకి ఏమీ చెప్పదు. ఏ లెక్క ఎక్కడ ఆగింది, అమ్మాయి దాన్ని ఎలా దాటించింది అని రాసిన అరపేజీ మేలు. ఉత్తరం రాసినవారి సంస్థ ఈమెయిల్ నుంచే వెళ్లాలి.

దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదటివారం దాకా ఉంటాయి. ఫిజిక్స్ జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష చాలాచోట్ల తప్పనిసరి కాదు. టోఫెల్‌లో మాట్లాడే భాగంలో మార్కులు తగ్గితే మాత్రం కొన్నిచోట్ల బోధన పని ఇవ్వరు, అదే భృతికి ఆధారం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలు పాఠాన్ని ఇంగ్లీషులో పైకి చెప్పడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

పీహెచ్‌డీకి అయిదారేళ్లు. మొదటి ఒకటి రెండేళ్లలో చాలాచోట్ల అర్హత పరీక్ష ఉంటుంది: మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, క్వాంటం, గణాంక భౌతికశాస్త్రం. రెండో ప్రయత్నంలోనూ తప్పితే సాధారణంగా మాస్టర్స్ పట్టాతో పంపేస్తారు. ఆపైన రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), తరచుగా రెండు. రాజస్థాన్‌లోని సాంభర్‌లో పెరిగిన జైనేంద్ర జైన్ జైపూర్‌లో బీఎస్సీ, కాన్పూర్ ఐఐటీలో ఎమ్మెస్సీ, స్టోనీబ్రూక్‌లో పీహెచ్‌డీ చేశారు. మేరీలాండ్, యేల్‌లలో పోస్ట్‌డాక్ ముగించాకే ప్రొఫెసరయ్యారు. 1989లో ఆయన ప్రతిపాదించిన కాంపోజిట్ ఫెర్మియాన్లు అనే కణాల భావనకు 2025లో వుల్ఫ్ బహుమతి అనే పెద్ద అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. ఇదీ దారి పొడవు. అమ్మాయికి ముందే చెప్పండి.

ప్రశ్న: టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇబ్బందా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఇబ్బందే బాబూ. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే అమెరికా వీసాలో దాన్ని ఇంటిపేరు గడిలో వేసి, సొంత పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (సొంత పేరు తెలియదు) అని కొడతారు. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో, జీతం కాగితాల్లో అదే నీ పేరవుతుంది. దరఖాస్తులు మొదలుపెట్టకముందే రెండు గడులూ నిండేలా పాస్‌పోర్టు సరిచేయించుకో. మొదటి పరిశోధన పత్రం ఏ పేరుతో వేస్తావో చివరిదాకా అదే రాయి, ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకో. లేకపోతే నీ పత్రాలు రెండు పేర్ల కింద విడిపోతాయి.

ప్రశ్న: మా తమ్ముడు అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరి ఏడాదైంది, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డు సంగతి టెన్యూర్ (శాశ్వత నియామకం) వచ్చాక చూద్దామంటాడు. సరైనదేనా?
– ఒక అక్క, బరంపురం

జవాబు: కాదమ్మా, ఈ వారమే కదలమనండి. గ్రీన్‌కార్డుకు ముందు కార్మిక శాఖ ఇచ్చే అనుమతిని లేబర్ సర్టిఫికేషన్ అంటారు, అందులో విశ్వవిద్యాలయ అధ్యాపకులకు ఒక వెసులుబాటుంది. ఉద్యోగానికి ఎంపిక చేసిన తేదీ నుంచి 18 నెలల్లోగా దరఖాస్తు వేస్తే అప్పటి నియామక ప్రక్రియనే లెక్కలోకి తీసుకుంటారు. దాటితే మళ్లీ ప్రకటన ఇవ్వాలి. గడువు చేరిన తేదీ నుంచి కాదు, ఎంపిక తేదీ నుంచి. చేరేది తరచూ ఎంపికైన కొన్ని నెలలకు కాబట్టి, ఏడాది అయిందంటే సమయం దాదాపు అయిపోయినట్టే.

ఆ దారి ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు తరగతికి. అందులో భారత్‌లో పుట్టినవాళ్ల వరుస పదేళ్లకు పైమాటే. అయినా వేయించాలి, ఎందుకంటే పిటిషన్ ఆమోదమైతే, లేబర్ దరఖాస్తు వేసిన తేదీ తర్వాత దానికి పై తరగతి అయిన ఈబీ-1కీ పనికొస్తుంది. విశిష్ట ప్రొఫెసర్ల ఈబీ-1బీకి మూడేళ్ల బోధన లేక పరిశోధన అనుభవం, ఆరు ప్రమాణాల్లో కనీసం రెండు చూపాలి. ఫిజిక్స్‌వాళ్లకు అందేవి సొంత పత్రాలు, ఇతరుల పత్రాల సమీక్ష, మౌలికమైన కృషి. సమీక్ష చేసిన ప్రతి పత్రానికీ జర్నల్ పంపిన కృతజ్ఞత మెయిల్ దాచుకోవాలి. తనతో కలిసి పనిచెయ్యనివాళ్లు రాసిన ఉత్తరాలకే బరువెక్కువ.

టెన్యూర్ పరిశీలన సాధారణంగా ఆరో ఏట. హెచ్‌1బీ గరిష్ఠ కాలమూ ఆరేళ్లే. గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదమై వరుసలో ఉంటే మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఏమీ వెయ్యకుండా కూర్చుంటే రెండు గడువులూ ఒకేసారి మీద పడతాయి. టెన్యూర్ నిరాకరిస్తే మామూలుగా ఇంకో ఏడాది ఉంచుతారు. ఉద్యోగం ముగిశాక హెచ్‌1బీ మీద మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు.