ఐదేళ్ల బీటెక్-ఎంబీఏ కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. కన్వీనర్ కోటాలో హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఐదేళ్ల బీటెక్-ఎంబీఏ సీటు కూడా వచ్చింది. దానికి ఏడాదికి ఫీజు రూ.5 లక్షలు, హాస్టల్ రూ.1.5 లక్షలు. రూ.50 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోమంటున్నారు. మాకు రూ.12 లక్షల ఎఫ్‌డీ, 200 గజాల స్థలం ఉన్నాయి. మావారికి 51 ఏళ్లు. స్థలం అమ్మాలా, లోన్ తీసుకోవాలా?

జవాబు: ఫీజు ఐదైదుల పాతిక అని మీరు లెక్కేసి ఉంటారు. ఫీజుల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ‘ఏటా 10 శాతం వరకు పెంచవచ్చు’ అని ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే అది పాతిక కాదు, రూ.30.5 లక్షలు. హాస్టల్ మరో ఏడున్నర. మొత్తం 38. ల్యాప్‌టాప్, రైలు చార్జీలు ఇందులో కలపలేదు.

ఈసీఈ సీటుకు ఫీజు ఏటా లక్షన్నర, హాస్టల్ మరో లక్షన్నర అనుకున్నా నాలుగేళ్లకు రూ.12 లక్షలు. మీ ఎఫ్‌డీతోనే గట్టెక్కుతారు. ఆ 38లో మిగతా రూ.26 లక్షలు ఎంబీఏ ఖరీదన్నమాట. మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో ఇంకా తెలియని వయసులో మీ అబ్బాయి దాన్ని ముందే కొంటున్నాడు.

‘ఆరేళ్ల చదువు ఐదేళ్లలో’ అని ఊరిస్తారు. ఎంబీఏ ఎలాగూ చేస్తాడనుకుంటే ఏడాది కలిసొచ్చే మాట నిజమే. కానీ థర్డ్ ఇయర్‌కి వచ్చేసరికి కోడింగ్ మీదో, అమెరికాలో ఎంఎస్ మీదో మనసు పడితే? బీటెక్ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసి ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసే దారి ఎప్పుడూ ఉంటుంది. ఆ అనుభవానికి చాలా ఐఐఎంలు ఎంపికలో విలువ ఇస్తాయి కూడా. ఇక, ఈ కోర్సునూ బిట్స్ పిలానీ డ్యుయల్ డిగ్రీనీ ఒకే గాటన కట్టకండి. అక్కడ ఎకనామిక్స్ లాంటి ఎమ్మెస్సీలో చేరితే, మొదటి ఏడాది మార్కులను బట్టి ఇంజినీరింగ్ బ్రాంచ్ ఇస్తారు. అది వేరే బేరం.

లోన్ సంగతి. ఏటా రూ.4 లక్షల చొప్పున ఐదేళ్లలో రూ.20 లక్షలు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం. చదువు అయ్యాక మరో ఏడాది దాకా ఈఎంఐ ఉండదు కదా అని నిశ్చింతగా ఉంటారు చాలామంది. సాధారణ వడ్డీ వేసినా అప్పటికి రూ.8 లక్షలు చేరి బాకీ రూ.28 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు రూ.37 వేలు. అదే, వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే ఈఎంఐ రూ.26,500 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు రూ.3,350 మించదు. చివరికి మాత్రం రూ.16,700 దాకా పోతుంది. ఈఎంఐ మొదలయ్యేసరికి మీవారికి 57 ఏళ్లు. అబ్బాయికి మొదటి ఉద్యోగం ఆలస్యమైతే ఆ భారం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మరో సంగతి, కొత్త పన్ను విధానంలో ఉంటే విద్యారుణ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

కాబట్టి నా ఓటు ఈసీఈకే. మీ అబ్బాయి పట్టుబడితే యూనివర్సిటీని రెండు సంగతులు మెయిల్‌లో అడగండి. నాలుగేళ్లకే బయటికి వస్తే బీటెక్ పట్టా ఇస్తారా, బీటెక్ ప్లేస్‌మెంట్లలో కూర్చోనిస్తారా? కిందటి బ్యాచ్‌లో సరిగ్గా ఈ కోర్సు వాళ్ల మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది) ఎంత? బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసే ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ ఒక్కడిది, దాన్ని వదిలేయండి. ఇద్దరు ముగ్గురు ఫైనల్ ఇయర్ పిల్లల్ని లింక్డిన్‌లో పట్టుకుని మాట్లాడమనండి. వాళ్లు చెప్పినంత సూటిగా అడ్మిషన్ ఆఫీసు చెప్పదు.

జవాబులు బాగుండి చేర్పించినా సరే, స్థలం అమ్మొద్దు. కాగితాలు శుభ్రంగా ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. కాలేజీ కేంద్రం వారి విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉంటే తాకట్టు, హామీదారు లేకుండానే లోన్ వస్తుంది, ముందు అది చూసుకోండి. ఆ రూ.50 వేలు మాత్రం, ఎప్పటిలోగా మానుకుంటే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టండి.