అన్నంలో రాయి... చూపులో లోపమా?

ప్రశ్న: నా వయసు 47. సొంత చేను వడ్లు మిల్లులో ఆడించి తెచ్చుకుంటాం. చేటలో పోసుకుని గంటసేపు ఏరినా రోజూ మావారి పంటి కింద ఓ రాయి పడుతోంది. వడ్లగింజ ఒక్కటి కూడా నన్ను దాటిపోదు, తెల్లరాళ్లే తప్పించుకుంటున్నాయి. ఆరు నెలల క్రితమే అద్దాలు మార్చాను. మళ్లీ మార్చాలా డాక్టర్ గారూ?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: అద్దాల మీద అనుమానం కాసేపు పక్కన పెట్టండమ్మా. చెయ్యి చాచి మీ బొటనవేలి గోరు చూడండి. కన్ను ఒక్కసారికి బాగా స్పష్టంగా చూడగలిగేది ఇంచుమించు అంతమేరే. చేట ఒళ్లో ఉంటుంది కాబట్టి ఆ జాగా ఇంకా చిన్నది. అందుకని కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు పిచ్చుకలా గెంతుతూ చేటంతా తిరగాలి. ఎటు గెంతాలో చెప్పేది ధ్యాస. కన్ను కదలకముందే అది అక్కడికి చేరుకుంటుంది. మీ మనసులో ఉన్నది వడ్లగింజ రంగు. చూపు ఓరన ఆ రంగు మెదిలితే చాలు, కన్ను అటే పోతుంది. తెల్లబియ్యంలో తెల్లరాయిని ఎవరు పిలుస్తారు?

సోవియట్ రష్యాలో యార్బస్ అనే శాస్త్రవేత్త ఇదే పట్టుకున్నాడు. రేపిన్ అనే రష్యన్ చిత్రకారుడు గీసిన బొమ్మ ఒకటుంది: ప్రవాసం నుంచి హఠాత్తుగా ఇంటికొచ్చిన మనిషి, తెల్లబోయి చూస్తున్న ఇంట్లోవాళ్లు. దాన్ని ఒకే మనిషికి మళ్లీ మళ్లీ చూపించాడు. వీళ్ల వయసెంత అని అడిగితే చూపు ముఖాల చుట్టూ తిరిగింది. ఉన్నవాళ్లా, లేనివాళ్లా అంటే గదిలో సామాన్ల మీదికి పోయింది. బొమ్మ అదే, కళ్లూ అవే.

ఒక్కోసారి చూపు రాయి మీదే ఆగినా కనబడదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో ఊపిరితిత్తుల స్కాన్‌లో చిన్న గొరిల్లా బొమ్మ ఇరికించి, గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకిచ్చారు. 20 మందికి అది కనబడనే లేదు. అందులో 12 మంది చూపు సరిగ్గా దాని మీదే పడిందని కళ్ల కదలికలు పట్టే కెమెరా చెప్పింది. డాక్టర్లం, మాకే ఇలా ఉంది!

మా అమ్మ బియ్యం రెండు విడతలు చూసేది, ఒకసారి వడ్లకి, ఒకసారి రాళ్లకి. చాదస్తం అనుకునేవాణ్ణి. మీరూ అలాగే చెయ్యండి. రెండో విడతకి ముందు తెల్లరాయి ఒకటి చేట అంచున పెట్టుకుని కాసేపు చూడండి. వెలుతురు పక్కనుంచి పడేట్టు కూర్చోండి. అయినా రాళ్లు దాటిపోతుంటే అప్పుడు కళ్లు చూపించుకుందాం.

అన్నట్టు, ఎసట్లో పోసే ముందు ఆ అంచు మీది రాయి తీసెయ్యడం మరిచిపోకండి.