గుమ్మడికాయ దగ్గరే ఆగిపోకు

చిరంజీవికి,

ఛాంబర్స్ మీద నువ్వు రాసిన వ్యాసం రాత్రే చదివాను. మొదటి పేరాలోనే ఆయన్ని 'ద్రోహి' అనేశావు. ఆ తర్వాత నాకు ఆ మనిషి కనబడలేదు, నీ కోపమే కనబడింది. అందుకే ఈ ఉత్తరం.

విట్టేకర్ ఛాంబర్స్ అమెరికా కమ్యూనిస్టుల రహస్య విభాగం నుంచి బయటికొస్తూ కొన్ని కాగితాలు, ఫిల్ములు ఒక కవర్లో పెట్టి భార్య తరఫు బంధువుకిచ్చి దాచమన్నాడు. పదేళ్లు ఆ కవరు బ్రూక్లిన్‌లో ఒక ఇంట్లో, సామాన్లు పైకీ కిందికీ లాగే చిన్న లిఫ్టు సందులో దుమ్ము కొట్టుకుని పడుంది. 1948లో, విదేశాంగ శాఖలో పనిచేసిన ఆల్జర్ హిస్ కూడా కమ్యూనిస్టేనని ఛాంబర్స్ బయటపెట్టాడు; దాని మీద హిస్ పరువునష్టం దావా వేశాకే ఆ కవరు బయటపడింది.

నువ్వు మేరీలాండ్‌లో ఛాంబర్స్ పొలంలోని గుమ్మడికాయ దగ్గరే ఆగిపోయావు. డిసెంబర్ 2 రాత్రి, చీకట్లో, ఆ కవర్లోని ఫిల్ము చుట్టల్నే ఆయన డొల్ల చేసిన గుమ్మడికాయలోంచి తీసి దర్యాప్తు చేసేవాళ్లకివ్వడం సినిమాలా ఉంటుంది, నిజమే. కానీ లోపలేముంది? మొత్తం ఐదు చుట్టలు. ఒకటి వెలుతురు తగిలి పాడైంది. రెండింటిలో విదేశాంగ శాఖ కాగితాలు. ఇంకో రెండింటిలో నౌకాదళం కాగితాలు, అవి కూడా లైఫ్ రాఫ్టులు, మంటలార్పే పరికరాల లాంటి వాటి గురించి! ఇది రాయకుండా ఎలా వదిలేశావు?

అసలు కథ తేదీల్లో ఉంది. పార్టీని 1937లోనే వదిలేశానని, సోవియట్ల కోసం గూఢచర్యం జరగలేదని ఛాంబర్స్ మొదట ప్రమాణం చేసి చెప్పాడు. ఆయన దాచిన కాగితాల మీదేమో 1938 ఏప్రిల్ 1 దాకా తేదీలున్నాయి. దాంతో రెండు మాటలూ మార్చుకోవాల్సి వచ్చింది. 1952లో వచ్చిన ఆయన ఆత్మకథను నువ్వు పేజీలకు పేజీలు వాడుకున్నావు. అది అబద్ధాల పుట్ట అని నేననను. కానీ అందులో మాట్లాడేది దేవుణ్ణి నమ్మిన తర్వాతి మనిషి. 1938 నాటి కాగితానికి ఆ సంగతేమీ తెలియదు.

నేనూ ఈ తప్పు చేశాను. ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ వదిలేసి పార్టీనే తిట్టే ఒక పెద్దాయన మాటలు విని, 1964లోనే ఆయన మనసు విరిగిందని వ్యాసం రాశాను. అచ్చయ్యాక వాళ్లావిడ ట్రంకుపెట్టె తెరిచి, పోస్టు చెయ్యని ఇన్‌లాండ్ లెటరు ఒకటి నా చేతిలో పెట్టింది. 1966 తేదీ. సభ్యత్వం తియ్యొద్దని బతిమాలుతూ రాసింది. మడత దగ్గర సిరా అలికిపోయి ఉంది. ఆవిడేమీ అనలేదు, కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

1950లో హిస్‌కి శిక్ష పడింది, ఛాంబర్స్‌కి కాగితాలివ్వలేదని చెప్పిన అబద్ధ సాక్ష్యానికి, గూఢచర్యానికి కాదు. నీ వ్యాసంలో ఆ తేడా పోయింది, సరిచెయ్యి. కొత్త ప్రతి పంపేటప్పుడు ప్రతి వాక్యం పక్కన, మార్జిన్‌లో, అది ఏ ఏడాది కాగితం చెప్పిన మాటో పెన్సిల్‌తో వెయ్యి. ఏ ఏడాదీ వెయ్యలేని వాక్యాల గురించి నువ్వు ఇంటికొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.