మహబూబ్‌నగర్‌ను మంచి కాలేజీ టౌన్ అనొచ్చా?
సగం వరకు అనొచ్చు. ఎన్ని కాలేజీలున్నాయన్నది కాదండీ, క్లాసులు అయిపోయాక పిల్లలు ఎక్కడ ఉంటారన్నది చూడాలి. పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది, కానీ క్యాంపస్ ఊరి బయట బండమీదిపల్లి దగ్గర, రాయచూరు రోడ్డులో ఉంది. సాయంత్రం బస్సు తప్పిందంటే షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద, ఒక కాలు బయటపెట్టి వేలాడాల్సిందే. హైదరాబాద్ వంద కిలోమీటర్లే కాబట్టి శనివారం వస్తే చాలామంది అటే, చదువైపోయాక ఇంకా ఎక్కువమంది.

ఊళ్లో మాత్రం హైదరాబాద్ కంటే తక్కువ అద్దెకు రూములు, గ్రూప్స్‌కు చదివేవాళ్లతో నిండిన లైబ్రరీ, నలుగురు కలిసి రెండు చాయ్‌లు వన్ బై టూ చెప్పి గంట కూర్చున్నా లేవమనని హోటల్ దొరుకుతాయి. నా దృష్టిలో ఆ హోటలే అసలు పరీక్ష. క్యాంపస్‌కూ ఊరికీ మధ్య రాత్రిళ్లు కూడా బస్సులు బాగా తిరిగితే మిగతా సగం ఒప్పుకుంటా.