త్రిభుజానికి పరిధి అనకూడదా?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. "త్రిభుజ చుట్టుకొలతను కనుగొనుము" అని వాడి నోట్సులో ఉంది. వృత్తానికి పరిధి అంటున్నాం కదా, త్రిభుజానికీ అదే అనకూడదా? "త్రిభుజ చుట్టుకొలత" అనే కూర్పు సరైనదేనా?

సమాధానం: త్రిభుజానికి చుట్టుకొలత అనే అనండి. మూడు భుజాల పొడవులు కలిపితే అది వస్తుంది. భుజాలు 3, 4, 5 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 12 సెంటీమీటర్లు.

మీ మొదటి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పరిధి అంటే చుట్టూ ఉంచినది. యజ్ఞంలో ఆహుతులు వేసే ఆహవనీయాగ్నికి పడమర, దక్షిణం, ఉత్తరం వైపుల ఉంచే మూడు కట్టెల పేరు కూడా పరిధులే. తూర్పున సూర్యుడే కాపు. అంటే గుండ్రంగా ఉండాలన్న నియమం ఆ మాట పుట్టుకలో లేదు. కానీ శాస్త్రంలో వ్యుత్పత్తి కన్నా వాడుకదే పైచేయి. భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథం లీలావతిలో వృత్తం దగ్గర పరిధి అన్నాడు. భుజాలున్న క్షేత్రాల దగ్గరికి వచ్చేసరికి "సర్వదోర్యుతి" అన్నాడు. దోస్సు అంటే భుజం, యుతి అంటే కూడిక. మన చుట్టుకొలత లెక్క సరిగ్గా అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. "ఫలానా పోలీస్ స్టేషన్ పరిధిలో" అని రోజూ పేపర్లో చదువుతాం. అక్కడ పరిధి అంటే హద్దు గీత కాదు, హద్దు లోపలి ప్రాంతమంతా. ఆ మాట విని పెరిగిన పిల్లాడికి త్రిభుజం పరిధి అంటే వైశాల్యం తోస్తుంది. చుట్టుకొలతతో ఆ తికమక లేదు. నడుము చుట్టుకొలత, చెట్టు మాను చుట్టుకొలత అని ఇంట్లో అనే మాటే కాబట్టి, టేపు ఎటు తిప్పాలో మాటే చెప్పేస్తుంది. వృత్తానికి చుట్టుకొలత అన్నా తప్పు లేదు.

ఇక కూర్పు సంగతి. "త్రిభుజ వైశాల్యం", "వృత్త పరిధి" వీటిలో రెండేసి పదాలూ సంస్కృతమే, అందుకని మొదటి పదం చివరి సున్న పోయింది. చుట్టుకొలత అచ్చ తెలుగు మాట. దాని ముందు "త్రిభుజం చుట్టుకొలత" అనో "త్రిభుజపు చుట్టుకొలత" అనో ఉంటే తెలుగు నుడికారం నిలుస్తుంది. గ్రామపెద్ద లాంటి సంస్కృతం, తెలుగు కలిసిన మాటలు వాడుకలో కుదురుకున్నాయి కనుక "త్రిభుజ చుట్టుకొలత" రాసిన పిల్లాడికి మార్కులు తగ్గించడం అన్యాయం. నేను మాత్రం అలా రాయను. "త్రిభుజం యొక్క" అని కూడా రాయను. చెట్టు యొక్క నీడ అంటామా?

"చుట్టుకొలతను" అనక్కర్లేదు. ప్రాణం లేనివాటికి ఆ "ను" లేకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది: "త్రిభుజం చుట్టుకొలత కనుక్కోండి." లేదా మరీ సూటిగా, "చుట్టుకొలత ఎంత?"

ఒక్కటి మాత్రం మీవాడి నోట్సులో చూడండి. పైన చెప్పిన త్రిభుజానికి వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. ఆ "చదరపు" వైశాల్యానికే రావాలి, చుట్టుకొలత పక్కన రాకూడదు.