ఉరోస్థి అంటే ఏ బొక్క?

ప్రశ్న: మా నాయనకు బైపాస్ అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన తెలుగు కాగితంలో 'ఉరోస్థి అతుక్కునే వరకు బరువులు ఎత్తరాదు' అని ఉంది. ఉరోస్థి అంటే గుండెకాయే అనుకొని మా అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ మాటకు అర్థమేంటి? రొమ్ము బొక్క అంటే తప్పా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు మీ అవ్వను అన్నం తినమనండి. అది గుండెకాయ కాదు, గుండెకాయకు ముందుండే ఎముక. ఆమెనే తన గొంతు కింది గుంటలో వేలు పెట్టి మెల్లగా కిందికి జరపమనండి. రెండు ఇంచులు దిగగానే అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది, రెండో పక్కటెముక వచ్చి కలిసేది అక్కడే. ఇంకా దిగితే పొట్ట మొదలయ్యే చోట సన్నటి మొన. ఆ గుంట నుంచి ఈ మొన దాకా ఉన్నదంతా ఉరోస్థే. పై 7 జతల పక్కటెముకలు నేరుగా దీనికే అతుక్కొని ఉంటాయి. చిన్నప్పుడు ఆ మొన మెత్తగా ఉండి వయసుతో గట్టిపడుతుంది, 40 దాటాక చేతికి తగిలితే గడ్డ లేచిందని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు.

మాట సంస్కృతం. ఉరస్సు అంటే రొమ్ము, అస్థి అంటే ఎముక. మనః, అభీష్టం కలిసి మనోభీష్టం అయినట్టే ఇదీ. రొమ్ముతో పాకుతుంది కాబట్టే పాముకు ఉరగం అని పేరు.

రొమ్ము బొక్క అనడం తప్పే కాదు, నల్లగొండలో అయినా పాలమూరులో అయినా ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కల్లా అచ్చులోనే. మనకు బొక్క అంటే ఎముక, కోస్తావాళ్లకు చిల్లు, ఆ కాగితం అటు పోతే రొమ్ముకు చిల్లు పడిందనుకుంటారు. 'రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు', 'రొమ్ము పడిశం' అన్నప్పుడు ఆడామగా తేడా లేదు గానీ, ఇప్పుడు ఆ మాట ఎక్కువగా ఆడవాళ్లకే వాడుతుండటంతో మగవాళ్ల విషయంలో రాయడానికి జంకుతున్నారు. అందుకే రోగి చేతికిచ్చే కాగితంలో 'ఛాతీ మధ్య ఎముక' అని రాయాలంటాను. ఉరోస్థి పాఠ్యపుస్తకంలో ఉండాల్సిన మాట, అక్కడ చక్కగా ఉంటుంది. ఇంటికి పోయే మనిషికి అదే మాట రాసివ్వడం నాకు నిజంగా బాధనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చెప్పిన జాగ్రత్త చాలా ముఖ్యమైనది.

బైపాస్‌లో మామూలుగా ఈ ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కడతారు. విరిగిన చెయ్యి అతికినట్టే ఇదీ అతకాలి, ఎక్కువమందికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అన్నాళ్లూ నీళ్ల బిందె, యూరియా బస్తా లాంటివి ముట్టనీయకండి, మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఆనించి లేవనీయకండి, దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకొని దగ్గమనండి. లోపల ఎముక కదిలినట్టో టక్కుమన్నట్టో అనిపించినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి.