లోపల అమర్చే యంత్రం కోసం ఆగాలా?

ప్రశ్న: మా నాన్నగారికి క్యాన్సర్ వల్ల స్వరపేటిక పూర్తిగా తీసేశారు. రేడియేషన్ కూడా అయింది. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నారు. గొంతులో ఎలక్ట్రానిక్ యంత్రం అమరిస్తే మాట వస్తుందని బంధువులు అంటున్నారు. దానికోసం ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగొద్దమ్మా. అలాంటి యంత్రాల మీద పరిశోధనలు సాగుతున్నాయి గానీ, ఆసుపత్రికెళ్లి పెట్టించుకునే దశకు ఇంకా రాలేదు. 2012లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో టైటానియంతో చేసిన కృత్రిమ స్వరపేటిక అమర్చారు. మీవాళ్లు విన్నది బహుశా దాని గురించేమో. అందులో ఎలక్ట్రానిక్స్ లేవు.

లోపల పెట్టేవాటిలో ఇవాళ నిజంగా మాట తెప్పిస్తున్నది చిన్న సిలికాన్ వాల్వ్. శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య గోడలో అమరుస్తారు. ఆపరేషన్ తర్వాత ఊపిరి పీల్చుకునే మెడ దగ్గరి రంధ్రాన్ని వేలితో మూసి ఊపిరి వదిలితే, ఆ గాలి వాల్వ్‌లోంచి అన్నవాహికలోకి వెళ్లి అక్కడి గోడల్ని అదిరిస్తుంది. ఆ శబ్దాన్ని నాలుకా పెదవులూ మాటగా మలుస్తాయి. వాల్వ్‌ని కొన్ని నెలలకోసారి మార్చాలి. నీళ్లు తాగగానే దగ్గొస్తుంటే అది కారుతోందేమో వెంటనే చూపించాలి. విదేశీ వాల్వ్ ధర విని వెనక్కి తగ్గకండి. బెంగళూరు సర్జన్ డాక్టర్ విశాల్ రావు చాలా తక్కువ ఖర్చులో 'ఓం' అనే వాల్వ్ రూపొందించారు. మీ సర్జన్‌ని దాని గురించి అడగండి.

ఆపరేషన్ వద్దనుకుంటే చేత్తో పట్టుకునే ఎలక్ట్రోలారింక్స్ ఉంది. బటన్ నొక్కితే అదిరి శబ్దం పుట్టించే చిన్న పరికరం ఇది. స్పీచ్ థెరపిస్టుగా నేను ఎక్కువగా నేర్పించేది ఇదే. గడ్డం కింద మెత్తటి చోట దాని తల పూర్తిగా ఆనాలి. కాస్త పక్కకు జరిగినా బయట రొద తప్ప మాట వినపడదు. రేడియేషన్‌తో మెడ గట్టిపడిన వాళ్లకు చెంప మీద ఆనించి చూస్తాం. అదీ కుదరకపోతే పరికరానికి సన్నటి గొట్టం తగిలించి, దాని కొసను నోట్లో పెట్టిస్తాం. మీ నాన్నగారికి ఈ పద్ధతే నప్పవచ్చు. మాట్లాడేటప్పుడే బటన్ నొక్కాలి, మాట ఆగగానే వదలాలి. ఆ వదలడం అలవాటు కావడానికే టైం పడుతుంది. నేను మొదట అంకెలు, తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు పలికిస్తాను. గొంతు మర మాట్లాడినట్టే ఉంటుంది. చిన్నపిల్లలు కొత్తలో బెదురుతారు, తర్వాత వాళ్లే దగ్గరికొస్తారు.

ఆయన తరఫున మీరు జవాబులు చెప్పేయకండి. టెన్షన్ పడకుండా, మాట పూర్తయ్యేదాకా ఆగండి. పాలవాడితో లెక్క ఆయన్నే మాట్లాడనివ్వండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపుతూ చీటీ రాసిమ్మని డాక్టర్‌ని అడగండి.